మంచు ఉంది, చూసుకోండి

పిల్లలకోడి చుట్టూ పొగ ఉందని మొదట చెప్పింది మా అక్క. ఆ మాట చెప్పినప్పుడు నేను ఆమె చంకలో ఉన్నాను. అప్పటికే నాకు నాలుగేళ్ళు. చంక దిగి నడవాల్సిన వయసే, కానీ పద్నాలుగేళ్ళు పెద్దదైన అక్క ఉన్నవాడికి కాళ్ళతో అంత అవసరం పడదు.

బెంగళూరు పేటలో, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాల్సిన సందులో మా ఇల్లు. కింది గదిలో నాన్న మగ్గం, దాని పక్కన కండెలు చుడుతూ అమ్మ. భోజనాలయ్యాక అక్క నన్ను మిద్దె మీదికి ఎత్తుకుపోయి ఆకాశం చూపించేది. కృత్తికలను మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పిల్లలకోడి అనేవాళ్ళు. నడుమ కోడి, చుట్టూ పిల్లలు. చలికాలంలో సాయంత్రం పూటే నడినెత్తికి వచ్చేది. మిద్దె ఎక్కినవాళ్ళందరూ పిల్లల్ని లెక్కపెట్టేవారు. నాన్నకు ఆరు, అమ్మకు ఏడు, చిన్నాన్నకు ఎన్ని అడిగితే అన్ని.

అక్క లెక్కపెట్టేది కాదు. "పిల్లలు నాకు కనపడవు నాయనా. కోడి పొగలో కూచోనుండాది" అనేది.

"పొగలో ఉండేది కోడి కాదమ్మే, కూర" అని నాన్న నవ్వేవాడు.

ఆ తర్వాత ఇంట్లో కత్తెర కనిపించకపోయినా, చెప్పు కనిపించకపోయినా "పొగలో ఉండాదేమో చూడు" అనడం మాకు వాడుకైపోయింది. అక్క కూడా అందరితోపాటు నవ్వేది. నేను మాత్రం నవ్వలేదు. నా లెక్క సూటిగా ఉండేది. అక్క అబద్ధం చెప్పదు. మరి మిగతా ఎవరికీ కనిపించనిది ఆమెకు కనిపిస్తోందంటే ఆమె కళ్ళు అందరి కళ్ళకంటే గొప్పవి. ఇందులో అనుమానానికి చోటెక్కడుంది?

నా ఏడో ఏట అక్క పెళ్ళయి సర్జాపుర పోయింది. సాగనంపేటప్పుడు అమ్మ, వాళ్ళ అత్తగారి చేతులు రెండూ పట్టుకుని "బిడ్డను చూసుకోండి" అంది. ఆమె "చూసుకుంటాము లేమ్మా" అంది. బస్సు కదిలాక లేచిన దుమ్ములో అక్క ఊపిన చెయ్యి నాకు కనిపించలేదు. ఆ సాయంత్రం ఒక్కడినే మిద్దె ఎక్కి పిల్లలకోడిని చూశాను. పొగ లేదు. పిల్లలు సూదితో గుచ్చినట్టు ఏడూ స్పష్టంగా కనిపించాయి. ఏడు కనిపించినందుకు ఏడ్చినవాణ్ణి ఈ ప్రపంచంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

పెద్దవాణ్ణయి ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో గుమస్తాగా చేరాను. బోల్టులు, నట్లు ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో రాసే పని. డెబ్భైల నడుమ ఒక శనివారం గ్రంథాలయంలో, వాన తగ్గేదాకా కూర్చోవాలని తీసిన ఇంగ్లీషు పుస్తకంలో ఒక బొమ్మ కనబడింది. కృత్తికలు. ఒక్కో చుక్క చుట్టూ దువ్విన దూదిలాగా, ఈకల్లాగా, తెల్లటి పొగ.

వాన తగ్గినా నేను లేవలేదు. కింద రాసింది రెండుసార్లు చదివాను, నా ఇంగ్లీషుకు రెండుసార్లు తప్పనిసరి. అది నీహారిక అట. సన్నటి ధూళి అట. ఆ ధూళికి సొంత వెలుగు లేదు, పక్కనున్న చుక్కల వెలుగు దాని మీద పడి మనవైపు తిరిగొస్తుంది. ఇది నాకు చప్పున అర్థమైంది. చీకటిపడే వేళ సర్జాపుర బస్సు ఆగినప్పుడు వెనక లేచిన దుమ్ము ముందుకొచ్చి దీపాల వెలుగులో తెల్లగా తేలుతుంది కదా, అదే. దుమ్మంతా రోడ్డుది, వెలుగంతా బస్సుది. పైవాళ్ళ వెలుగులో కనిపించే గుమస్తాకు ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

మర్నాడే సర్జాపుర పోయాను. అక్క పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసి వేస్తోంది. బావ గడపలో కూర్చుని గొడుగు బాగుచేసుకుంటున్నాడు.

"అక్కా, పొగ ఉండాది. పుస్తకంలో వేసినారు" అన్నాను.

అక్క ఆకు వెయ్యడం ఆపలేదు. "ఉండాదని నేను చెప్తానే ఉండాను గదా. వాళ్ళకిప్పుడు కనిపించిందా?"

బావ గొడుగు పక్కన పెట్టాడు. "పుస్తకం సంగతి వేరేప్పా. వాళ్ళు ఇంతింత లావు దుర్బిణీలు పెట్టి తీసింటారు. మీయక్క ఈ వాకిట్లో నిలబడి ఉత్త కండ్లతో చూసినానంటాది. పెండ్లయినప్పట్నుంచీ చెప్తాది. మా అమ్మ చచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వతానే ఉండాను, ఇప్పుడు మానేస్తే బాగుండదు."

"ఈ వాకిట్లో నుంచే ఫోటో తీసి చూపిస్తే?"

"ఒప్పుకుంటా. నీ ముందర, మీయక్క ముందర, పురుగుల ముందర ఒప్పుకుంటా."

అక్క ఆకుబుట్ట ఎత్తుకుంటూ నావైపు ఒకసారి చూసింది. నవ్వులో కలిసిపోయి నవ్వినవాళ్ళకు కూడా నొప్పి ఉంటుందని ఆ చూపులో నాకు తెలిసింది. అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా ఆమెను చూసి నవ్వుతున్నారు.

అలా మొదలైంది. ఆదివారం సంతలో ఒక పాత ఇత్తడి టెలిస్కోపు, అంతకంటే పాత కెమెరా దొరికాయి. మా ఫ్యాక్టరీలో లేతు మీద పనిచేసే ఒకాయన సాయంతో ఇరుసు, దాన్ని కొంచెం కొంచెం తిప్పే మరచక్రం చేయించాను. భూమి తిరుగుతుంటుంది కాబట్టి చుక్కలు కదులుతాయి. వాటితోపాటు కెమెరా కూడా కదలాలి. కదిలించడానికి మోటారు లేదు, నా చెయ్యి ఉంది. టెలిస్కోపు వీపున కెమెరా ఎక్కించి, టెలిస్కోపులో ఒక చుక్కను చూస్తూ, అది జరగకుండా మరచక్రం తిప్పుతూ ఉండాలి. ఆ ఇరుసును ధ్రువనక్షత్రం వైపు పెట్టాలి. చలిదేశాల పుస్తకాల్లో ఇరుసు నిక్కి నిలబడి ఉంటుంది. మా ధ్రువుడు నేలకు పదమూడు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు గనక నాది నడుం వాల్చి పడుకున్నట్టుండేది. యజమాని పోలిక అన్నాడు బావ.

చుక్క జరుగుతోందో లేదో తెలియాలంటే కంటి కటకంలో ఒకదానికొకటి అడ్డంగా రెండు సన్నని పోగులు కట్టాలి. వెంట్రుక పెట్టి చూశాను, మోకులాగా కనిపించింది. అక్క ఒక పట్టుగూడు వేడినీళ్ళలో వేసి, కొస పట్టుకుని లాగి, నాకు గాలిలా తోచిన పోగును ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తూ కటకం చట్రానికి అతికించింది. నాకు భూతద్దం పెట్టినా కనిపించనిది ఆమెకు ఉత్త కంటికి కనిపించింది. ఆమె కళ్ళ గురించి నాకున్న నమ్మకం రెండింతలైంది. పొగను పట్టడానికి పోగు కావాల్సి వచ్చిందని ఒక మాట విసిరాను. అక్క నవ్వింది. బావ "ఇట్లాంటివి ఇంగ రెండు చెప్తే నేను పోయి పురుగుల్తో పడుకుంటా" అన్నాడు.

వెన్నెల ఉంటే పొగ పడదు కాబట్టి అమావాస్య దాపున్నే పోయేవాణ్ణి. పోతే ఇంటినిండా చంద్రికలే. పట్టుపురుగులు గూడు కట్టుకోవడానికి వదిలే వెదురు తట్టలను చంద్రికలంటారు. వెన్నెల తప్పించుకోవడానికి ఇరవై మైళ్ళు బస్సెక్కి వచ్చి చంద్రికల నడుమ చాప వేసుకునేవాణ్ణి.

మొదటి చలికాలం తీసినవన్నీ గీతలు. పిల్లలకోడి కాస్తా పిల్లల రైలైంది. రెండో చలికాలం నాకు చెయ్యి కుదిరింది కానీ లెన్సు మీద మంచు కురిసింది. జనవరిలో ఏడు దాటితే చాలు, అద్దమంతా చెమ్మగిల్లేది. దానికీ అక్కే మందు కనిపెట్టింది. బెణికిన కాలికి కాపడం పెట్టినట్టు, వేయించిన ఉప్పును గుడ్డలో మూటగట్టి లెన్సు మెడకు చుట్టింది. "ముసలోళ్ళకి పడిశం పట్టకుండా చూసుకోవల్ల గదా" అంది.

ఆ ఉప్పుమూట ఉన్న సాయంత్రాలు నాకింకా ఒంటికి అంటుకుని ఉన్నాయి. భోజనాలు త్వరగా ముగించి, ఎనిమిదికల్లా వాకిట్లో దీపం ఆర్పి మొదలుపెట్టేవాళ్ళం. నేను కంటికి కటకం ఆనించి మరచక్రం తిప్పుతూ ఉండేవాణ్ణి. అక్క పక్కన పీట వేసుకుని, ఒడిలో రేడియం ముళ్ళ టైంపీసు పెట్టుకుని, అయిదేసి నిమిషాలకు ఒకసారి చెప్పేది. ఇరవై నిమిషాలు కదలకూడదు. దగ్గకూడదు. ఆ ఇరవై నిమిషాల్లో అక్క మెల్లగా ఏవేవో చెప్పేది. నేను చంకలో ఉన్నప్పుడు ఆమె కమ్మలు లాగేవాణ్ణని, మగ్గం ఆగితే మేలుకునేవాణ్ణని. బదులు చెప్పడానికి నాకు వీలుండేది కాదు, ఊపిరి కూడా కొలిచి వదలాలి. నేను నీహారిక కోసం పోయేవాణ్ణో, ఏడేళ్ళప్పుడు బస్సు దుమ్ములో పోయిన ఆ చెయ్యి కోసం పోయేవాణ్ణో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

నాలుగో చలికాలం ఒక రీలు బాగా వచ్చిందనిపించింది. రీళ్ళు కడిగేది పేటలో మా సందు మొదట్లో ఉన్న స్టూడియో ఆయన. పెళ్ళి ఫోటోలు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఆయన పని. ఆయన చేతిలో పడిన మొహం మీద మచ్చ ఉండేది కాదు. మశూచి గుంటలు పూడ్చేవాడు, మెల్లకన్ను సరిచేసేవాడు. మా ఫ్యాక్టరీ గుర్తింపు కార్డులో నా గుర్తు 'గడ్డం మీద పుట్టుమచ్చ' అని ఉంటుంది, పక్కనున్న ఫోటోలో మచ్చ ఉండదు. గేటు దగ్గర కాపలావాడు రెండింటినీ చూసి, నన్ను చూసి, నిట్టూర్చి వదిలేవాడు. ఇంత తెలిసీ నేను జాగ్రత్తపడలేదు.

కడిగిన నెగెటివును దీపపు పెట్టె మీద పెట్టి చూపించాడు. నెగెటివులో చుక్కలు నల్లగా ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది. నల్లచుక్కల చుట్టూ, ముఖ్యంగా కోడి రెక్క కింద ఉండే చుక్క చుట్టూ, బూడిద రంగు మరక. పక్క చుక్కలకు లేదు, ఆ గుంపుకే ఉంది. పుస్తకంలో బొమ్మలాగే ఒక పక్కకు దువ్వినట్టుంది. ఇంటికి పోయి ఒక్క నిమిషం కూర్చుంటే తప్ప కాదనిపించి, నెగెటివును కవర్లో పెట్టి, పెద్ద సైజు ప్రింటు వెయ్యమని చెప్పి, ఆ మరక ప్రింటులో పోకూడదని కవరు మీద ఒక మాట రాశాను.

మేము పేట తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బయట కన్నడంలో చదువుతాం, రాస్తాం. ఆయనా అంతే. నీహారిక అని రాస్తే ఆయనకు అర్థం కాదని, దాన్ని తేలికచేసి, కన్నడంలో 'మంజు ఇదె, నోడికొళ్ళి' అని రాశాను. మంచు ఉంది, చూసుకోండి.

ఈ చూసుకోవడం అనే మాట రెండు భాషల్లోనూ ఒకటే మోసం చేస్తుంది. బిడ్డను చూసుకోండి అంటే కాపాడమని. వాడి సంగతి చూసుకోండి అంటే మట్టుపెట్టమని. ఫోటోలవాళ్ళకు మంచంటే ఫిలిం మీద పడ్డ మసక. వాళ్ళకది రోగం.

రెండు రోజుల తర్వాత పోతే ఆయన నాకోసమే ఎదురుచూస్తున్నట్టు లేచాడు. ప్రింటు రెండు చేతుల్తో అందించాడు. నల్లటి ఆకాశం. తెల్లటి చుక్కలు. మరక లేదు, ఈక లేదు, దూది లేదు.

"ఎంత నీటుగా వచ్చిందో చూడండి సార్. మంజు చానా ఉండింది. నెగెటివునే మందులో ముంచి తీసేసినా. స్వల్ప అటూ ఇటూ అయినా చుక్కలే పోతాయి, అందుకని బ్రష్షుతో ఒక్కో చుక్క చుట్టూ తుడిచినా. నిన్న పొద్దన్నుంచీ ఇదే పని."

నెగెటివు అడిగి వెలుగులో పెట్టి చూశాను. నీళ్ళలా తేటగా ఉంది.

"అది తప్పు కాదండీ" అన్నాను. "అది ఆకాశంలోనే ఉండే మంచు. దాని కోసమే తీసినాను. నాలుగేండ్ల నుంచి."

ఆయన మొహం చూసి నాకే బాధ వేసింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆకాశంలో ఉండేదా? నాకెట్లా తెలుస్తాది సార్. మా దాంట్లో మంజు యాడున్నా తప్పే. మీరు చూసుకోమని రాస్తిరి."

"నేనే రాసినాను లెండి. తప్పు నాదే."

ఆయన్ను ఓదార్చడానికి, నోరు ఊరుకోక, మా అక్క సంగతి చెప్పాను. నిజానికి అది మా అక్క కంటికే కనిపిస్తుందని, చిన్నప్పటినుంచీ చూస్తోందని, మళ్ళీ తీద్దామని. ఆయన విని, ప్రింటును తిప్పి తిప్పి చూసి, పని తెలిసినవాడు అడిగినట్టే అడిగాడు.

"ఆయమ్మకు ఒక్క దీని చుట్టే కనిపిస్తాదా, అన్నిటి చుట్టూనా?"

"అంటే?"

"ఒక్క దాని చుట్టూ ఉంటే అది ఆకాశంలో ఉండేది. అన్నిటి చుట్టూ ఉంటే లెన్సుది సార్. ఫోకస్ లేదని అర్థం."

ఇరవై ఏడేళ్ళలో నాకు తట్టని ప్రశ్న అది. ఇంటికి నడిచి పోయేంత దూరంలోనే, కటకం పోగును ముక్కుకు ఆనించుకుని చూసిన అక్క, బస్సు మీది పేరు నన్ను చదవమనే అక్క, ఎదురుగా వచ్చేవాళ్ళను నడకను బట్టి పోల్చే అక్క, అందరూ వరుసగా నా ముందు నిలబడ్డారు.

ఆ ఆదివారం సర్జాపుర పోయాను. చీకటిపడ్డాక వాకిట్లో నిలబడి, మాట మామూలుగా ఉండేలా చూసుకుంటూ అడిగాను. "అక్కా, ఆ పంపుసెట్టు దీపం ఎట్లా కనిపిస్తాది?"

"చామంతిపువ్వు మాదిరి. పొగలో."

"దానికీ పొగ ఉండాదా?"

"అన్నిటికీ ఉండాది గదప్పా" అంది అక్క. తర్వాత నావైపు తిరిగి అడిగింది. "నీకు లేదా?"

కంటి డాక్టరు నిమిషంలో తేల్చేశాడు. చిన్నప్పటి నుంచీ దూరపుచూపు తక్కువ, దగ్గరివి బాగా కనిపిస్తాయి, అద్దాలు పెట్టుకుంటే సరి. అంతే. ఇరవై ఏడేళ్ళు నేను మహిమ అనుకున్నదానికి ఒక నంబరు ఉంది. మా ఇంట్లో కళ్ళద్దాలంటే చదువుకునేవాళ్ళకు. ఆడపిల్లకు చదువెక్కడిది, అద్దాలెక్కడివి. అమ్మ ఆమెను చూసుకోమని అత్తగారికి చెప్పింది, అత్తగారు చూసుకుంటామంది, నేను అక్క పక్కన కూర్చుని టెలిస్కోపులోకి చూశాను. చూసుకోవాల్సినవాళ్ళలో ఆమెను చూసినవాడు ఒక్కడూ లేడు.

అద్దాలు పెట్టుకుని బస్సు దిగిన అక్కను చూసి బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇన్నేండ్లూ నన్ను పొగలో చూసిందా? అందుకే కాపురం చేసింది. ఇప్పుడేం గతి నాకు?"

"ఏమీ లేదులే" అంది అక్క, ఆయన్ను కింద నుంచి పైదాకా చూసి. "నేననుకున్న దానికన్నా స్వల్ప మేలే ఉండావు."

ఆ సాయంత్రం ముగ్గురం వాకిట్లోకి వచ్చాం. అక్క తల ఎత్తింది. తర్వాత వేలు ఎత్తి, మెల్లగా, పెదవులతో లెక్కపెట్టింది. ఆమె పిల్లల్ని లెక్కపెట్టగా నేను మొదటిసారి చూశాను. ఏడు దగ్గర ఆగింది. వేలు దించలేదు.

"పొగ ఏదప్పా?"

"ఉండాదక్కా. కంటికి కనిపించదు. ఎవరి కంటికీ కనిపించదు. ఫోటోలో పడతాది."

"అంటే నేను చూసింది అబద్ధం, ఉండేది నిజం."

బావ నవ్వలేదు. నవ్వడానికి అంతకంటే మంచి అదను ఆయనకు దొరికేది కాదు, అయినా నవ్వలేదు.

"బాగుండె నాకు. ఆ ఇంటి మిద్దె మీద నిన్నెత్తుకోని నిలబడినప్పుడు ఎట్లుండేదో, ఈడికొచ్చినాక కూడా అట్లే ఉండేది. ఊరు మారినా అది మారలేదనుకునేదాన్ని" అని అద్దాలు సర్దుకుంది. "పోనీలే. పిల్లలన్నా ఉండాయి."

స్టూడియో ఆయన నెగెటివును కడిగినట్టే నేను అక్క ఆకాశాన్ని కడిగేశాను. ఆయన దగ్గర కనీసం కవరు మీద రాసిన మాట ఉంది, నాకు అదీ లేదు. బావను ఒప్పించడం అన్న మాట ఆ క్షణంలోనే పోయింది. ఇక మిగిలింది ఒకటే. పొగ ఉందని ఆమె చేతికి ఇవ్వాలి.

కానీ ఎనభైలు వచ్చేశాయి. బొమ్మసంద్రలో కొత్తగా ఫ్యాక్టరీలు లేచి, సర్జాపుర నుంచి చూస్తే నైరుతి దిక్కున సాయంత్రం ముగిశాక ఇంకో సాయంత్రం మొదలయ్యేది. వాయవ్యాన బెంగళూరు వెలుగు ఏటేటా ఒక జానెడు పైకి పాకేది. అయిదో చలికాలమంతా మబ్బు. ఆరో చలికాలం అక్క ఇంటి ముందు వీధిదీపం వేశారు. ఊరంతా సంబరపడింది, నేను తప్ప. కరెంటు పోతే ఊరు తిట్టుకునేది, నేను దండం పెట్టుకునేవాణ్ణి.

జనవరిలో ఒక అమావాస్య ముందురోజు ఎనిమిది కాకముందే కరెంటు పోయింది. అక్క అప్పటికే ఉప్పు వేయిస్తోంది. ఇరవై నిమిషాలు. అద్దాలు పెట్టుకున్న అక్క టైంపీసును ఒడిలో పెట్టుకోకుండా గడపలోనే పెట్టి, పీట మీద నుంచే చదివింది. పద్దెనిమిదో నిమిషంలో కరెంటు వచ్చింది. వీధిదీపం వెలిగేలోపు బావ తన దుప్పటి కెమెరా మీద పరిచి, దాని మీద తానూ వాలాడు. అంత వేగంగా ఆయన ఏ పనీ చెయ్యగా నేను చూడలేదు.

స్టూడియో ఆయన రీలును కడుగుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. మరక ఉంది. మొదటిదానికంటే పలచన, కానీ ఉంది. కవరు మీద ఈసారి 'మంజు ఇదె, ఇర్లి' అని రాశాను. మంచు ఉంది, ఉండనీ. ప్రింటు ఇచ్చేటప్పుడు ఆయన అన్నాడు, "చేతులు దురదపెట్టింది సార్. కట్టేసుకోని కూచున్నా."

ప్రింటు తీసుకుని పోయేసరికి అక్క ఆకు తరుగుతోంది. చేతులు కడుక్కుని, చీరకొంగుతో తుడుచుకుని తీసుకుంది. చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది. నచ్చలేదు. అప్పుడు అద్దాలు తీసి పక్కన పెట్టి, పురుగుకు జబ్బుందేమో చూసేటప్పటిలాగా ఫోటోను ముక్కు దాకా తెచ్చుకుంది.

"గూడు కడతా ఉండాది" అంది మెల్లగా. గూటికి ముందు పురుగు చుట్టూ అల్లుకునే పలచటి పీచు అచ్చం అలాగే ఉంటుంది. అది నాకు తట్టలేదు. పుస్తకంలో చదివినవాడికి దూదీ ఈకలూ మాత్రమే తడతాయి.

బావ వంగి చూశాడు. "ఒప్పుకుంటుండా" అన్నాడు. "పురుగుల్నీ పిలవల్లనా?"

అక్క ఫోటోను ఇంకా దించలేదు. "ఉండాది గానీ, ఇది నాది కాదప్పా. నాదింకా పెద్దది. కోడినంతా కప్పేది. ఇది రెక్క కింద స్వల్పంగా ఉండాది, అంతే."

దానికి నా దగ్గర ఏ లెన్సూ లేదు.

ఆ సాయంత్రం కరెంటు ఉంది. వీధిదీపం వెలుగుతోంది. ఫోటో తియ్యడానికి లేదు. ఊరికే కెమెరాను పిల్లలకోడి వైపు తిప్పి అద్దంలోకి చూశాను. ఆరు చలికాలాలుగా నేను చేసిందల్లా ఆ చుక్కల్ని సూదిమొనల్లా నిలబెట్టడమే. లెన్సు మెడ పట్టుకుని రెండోవైపు తిప్పాను. చుక్కలు ఉబ్బాయి, మెత్తబడ్డాయి, ఒకదాన్నొకటి తాకాయి. పిల్లలు పోయాయి. మిగిలింది ఒక తెల్లటి ముద్ద, నడుమ కొంచెం గట్టిగా. మా మిద్దె మీద, ఆమె చంకలో, నాకెంత వెతికినా కనిపించనిది.

అక్క పక్కన నిలబడి, అద్దాల్లోంచి, వేలితో లెక్కపెడుతోంది. "అయిదు... ఆరు... ఏడు. ఏడుండాయి. నీకెన్నిప్పా?"

"నాకు పిల్లలు కనపడలేదక్కా. కోడి పొగలో కూచోనుండాది."

అక్క వేలు అలాగే గాల్లో ఉంచి నావైపు చూసింది.

"అట్లయితే పోయి కండ్లు చూపిచ్చుకో" అంది.